సుల్తాన్ ఇస్కందర్‌ను క్షమించే హక్కు ఎవరిది?

సింగపూర్‌లో ఉండే తెలుగువాళ్ళు సెలవు రోజున కాజ్‌వే దాటి మలేషియాలోని జొహోర్ బహ్రూ వెళ్తే, అవతల పాస్‌పోర్టు చూపించే పెద్ద భవనం పేరు బంగునాన్ సుల్తాన్ ఇస్కందర్. అక్కడి నుంచి పడమటికి వెళ్తే వచ్చే కొత్త నగరం పేరు ఇస్కందర్ పుతెరి. ఈ రెండూ కలిసిన పెద్ద అభివృద్ధి ప్రాంతం మొత్తానికీ ఇస్కందర్ మలేషియా అని పేరు. మనవాళ్ళు చాలామంది ఆ దారిలో షాపింగ్‌కి వెళ్తారు, లెగోలాండ్‌కి పిల్లల్ని తీసుకెళ్తారు, కొందరు అక్కడే ఇళ్ళు కూడా కొన్నారు. ఆ పేరున్న జొహోర్ రాజకుమారుణ్ణి 1977లో ఒక కోర్టు ప్రాణం తీసిన నేరానికి దోషిగా తేల్చింది. ఏడేళ్ళు తిరిగేసరికి ఆయన దేశానికే రాజయ్యాడు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం కన్నా ముందు అర్థం కాకపోవడమే ఎక్కువైంది. అది అలా ఎలా జరిగింది? ఆయన గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని ఒక కోపిష్టి రాజు కథగా చెబుతారు. తుపాకులు, హెలికాప్టర్లు, మోటార్‌సైకిళ్ళు, సైనిక యూనిఫారం, చెయ్యి చేసుకోవడం. చదవడానికి రసవత్తరంగానే ఉంటుంది. కానీ అలా చెప్పినందువల్ల అసలు మనుషులు తప్పించుకుంటారు. కోపిష్టులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళు చేసినదాన్ని ఎవరు మాఫీ చేశారు, ఏ అధికారంతో, ఎవరి తరఫున అన్నదే నేను అడగాలనుకుంటున్నది. ఇస్కందర్ జీవితంలో ప్రతి మలుపులోనూ దెబ్బ తిన్నవాడు ఒకడైతే, క్షమించినవాడు ఇంకొకడు.

మలేషియా రాజరికం గురించి కొంచెం చెప్పాలి. అక్కడ తొమ్మిది రాష్ట్రాలకు వంశపారంపర్య పాలకులున్నారు. ఆ తొమ్మిది మందిలోంచి ఒకర్ని, ఐదేళ్ళ కాలానికి, వంతుల వారీగా దేశానికి రాజుగా ఎన్నుకుంటారు. ఆ పదవిని క్లుప్తంగా ఆగోంగ్ అంటారు. ఎన్నుకునేది కూడా ఆ పాలకుల మండలే. ప్రభుత్వం నడిపేది ప్రధానమంత్రి. ఆగోంగ్ సంతకాలు చేస్తాడు, సైన్యానికి సర్వోన్నత అధిపతిగా ఉంటాడు, నేరస్థులకు క్షమాభిక్ష పెడతాడు. రాష్ట్రాల్లో ఆ క్షమాభిక్ష అధికారం అక్కడి సుల్తాన్‌ది.

జొహోర్ ఆ తొమ్మిదింటిలో కొంచెం ప్రత్యేకం. మలయ్ రాజ్యాల్లో మొట్టమొదట రాతపూర్వక రాజ్యాంగం వచ్చింది అక్కడే. 1895లో సుల్తాన్ అబూ బకర్ దాన్ని ఇచ్చాడు. సొంత సైనిక దళం ఇప్పటికీ నిలుపుకున్న రాష్ట్రం కూడా అదొక్కటే. అబూ బకర్ కొడుకు ఇబ్రహీం 1895 నుంచి 1959 దాకా, అంటే అరవై ఏళ్ళకు పైగా పాలించాడు. ఆయన తర్వాత ఇస్మాయిల్. ఇస్మాయిల్ కొడుకే మన ఇస్కందర్. 1932 ఏప్రిల్ 8న పుట్టాడు. సిడ్నీలో ఒక స్కూల్లో, తర్వాత ఇంగ్లండ్‌లో చదివాడు. 1956లో ఒక ఇంగ్లీషు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు దేశానికి రాజుగా ఉన్న సుల్తాన్ ఇబ్రహీం ఆవిడ కొడుకే. ఆ పెళ్ళి కొన్నేళ్ళకే విడిపోయింది.

తండ్రి గద్దెనెక్కిన 1959లో ఇస్కందర్ యువరాజయ్యాడు. రెండేళ్ళకే తండ్రి ఆయన్ని పక్కనపెట్టి, తమ్ముడు అబ్దుల్ రహ్మాన్‌ను ఆ స్థానంలో కూర్చోబెట్టాడు. ప్రవర్తన బాగోలేకే అలా చేశాడని అంటారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కొడుకు ఎలాంటివాడో తండ్రికి తెలియదని ఎవరూ అనలేరు.

1970ల మొదట్లో ఒక కేసు. తన కారును దాటి వెళ్ళారన్న కోపంతో ఇద్దరి మీద కళ్ళు మండే రసాయనం చల్లాడని ఆరోపణ. కోర్టు దోషిగా తేల్చింది. తర్వాత ఇంకా పెద్దది. తన హెలికాప్టర్ దగ్గరికి వచ్చిన ఒక మనిషిని స్మగ్లర్ అనుకుని కాల్చి చంపాడు. హత్య కాకపోయినా ప్రాణం తీసిన నేరమని 1977లో కోర్టు తీర్పు చెప్పింది. శిక్ష ఆరు నెలల జైలు, ఆరు వేల రింగిట్ల జరిమానా. ఒక ప్రాణానికి అది ఎంత చిన్న శిక్షో ఎవరికైనా తెలుస్తుంది. అయినా ఒక పని జరిగింది. రాజకుమారుడు సైతం బోనులో నిలబడ్డాడు, న్యాయమూర్తి తప్పు తప్పే అన్నాడు. అప్పటికి ఆయన పాలకుడు కాదు కాబట్టి చట్టం ఆయన్ని పట్టుకోగలిగింది. కోర్టు తన పని చేసింది.

ఆ తర్వాత తండ్రి సుల్తాన్ ఇస్మాయిల్ క్షమాభిక్ష పెట్టాడు. జైలు లేదు.

నేను ఇక్కడే ఆగిపోతాను. తండ్రి కొడుకును క్షమించడంలో వింత లేదు. ఇంట్లో అయితే అది తండ్రి ఇష్టం. కానీ ఆయన క్షమించింది తన ఇంట్లో జరిగినదాన్ని కాదు, ఇంకొకరి ఇంట్లో జరిగిన చావును. చనిపోయినవాడి ఇంటివాళ్ళను పిలిచి, మీకేమనిపిస్తోంది అని అడిగే మెట్టు ఆ ప్రక్రియలో ఎక్కడా లేదు. యువరాజుగా పనికిరాడని ఏ కొడుకును తీసేశాడో ఆ కొడుకునే జైలుకు కూడా పనికిరానివాడిగా చేశాడు. ఆ ఒక్క సంతకం తర్వాత ఇస్కందర్‌కు, చుట్టూ ఉన్నవాళ్ళకు, పోలీసులకు, అందరికీ ఒక విషయం స్పష్టమైపోయి ఉంటుంది. కోర్టు ఏం చెప్పినా ఆఖరి మాట రాజప్రాసాదానిదే.

1981 మేలో ఇస్మాయిల్ చనిపోయాడు. చావుకు కాస్త ముందు ఇస్కందర్ మళ్ళీ యువరాజయ్యాడు. అప్పటి జొహోర్ ముఖ్యమంత్రి ఒత్మాన్ సాఅత్, ముసలి సుల్తాన్ స్పృహలో లేని సమయంలో ఈ మార్పు జరిగిందని తర్వాత చెప్పుకొచ్చాడు. కొత్త సుల్తాన్‌తో ఆయనకు పొసగలేదు, పదవి పోయింది. గద్దెనెక్కిన క్షణం నుంచి ఇస్కందర్‌కు ఇంకో కవచం దొరికింది. అప్పటి రాజ్యాంగం ప్రకారం పాలకుడి మీద ఏ కోర్టులోనూ కేసు వేయడానికి లేదు. అంతకుముందు తప్పు చేస్తే క్షమాభిక్ష కావాల్సి వచ్చేది, ఇప్పుడు అది కూడా అక్కర్లేదు.

1983లో ప్రధాని మహాథిర్ మొహమ్మద్‌కు, సుల్తాన్లకు పెద్ద గొడవ వచ్చింది. పార్లమెంటు పాస్ చేసిన బిల్లు మీద ఆగోంగ్ 15 రోజుల్లో సంతకం చేయకపోయినా చేసినట్టే లెక్క అని, ఎమర్జెన్సీ విధించే అధికారం ప్రధానిదని రాజ్యాంగాన్ని మార్చబోయాడు మహాథిర్. సుల్తాన్లు ఒప్పుకోలేదు. నెలల తరబడి దేశమంతా టెన్షన్. ఆ టెన్షన్‌కు ఒక కారణం, తర్వాతి ఆగోంగ్ వంతు పెరాక్ సుల్తాన్‌దో జొహోర్ సుల్తాన్‌దో కావడం. ఇద్దరూ మొండివాళ్ళని పేరు. చివరికి రాజీ కుదిరింది, బిల్లు మెత్తబడింది. 1984 జనవరి ఆఖరున పెరాక్ సుల్తాన్ గుండెపోటుతో చనిపోయాడు. ఫిబ్రవరి 9న పాలకుల మండలి ఇస్కందర్‌ను ఎన్నుకుంది. ఏప్రిల్ 26 నుంచి ఆయనే ఆగోంగ్.

ఇక్కడ రెండో క్షమాభిక్ష జరిగిందని నా అభిప్రాయం. కాగితం మీద కాదు, ఓటుతో. వంతు వచ్చింది కాబట్టి తప్పదు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఒక పాలకుడు అనర్హుడని తీర్మానించే అధికారం ఆ మండలికి రాజ్యాంగంలోనే ఉంది. వాళ్ళు దాన్ని వాడలేదు. కోర్టు దోషిగా తేల్చిన మనిషిని దేశంలోని న్యాయమూర్తులందరినీ నియమించే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ ఐదేళ్ళ పాలన గురించి ఎన్నో కథలున్నాయి. 1987లో కామెరాన్ హైలాండ్స్ గోల్ఫ్ మైదానంలో ఒక కేడీ (ఆటగాళ్ళ సామాను మోసే మనిషి) మరణానికి ఆయనే కారణమన్న ఆరోపణ వాటిలో పెద్దది. అది కోర్టుకు వెళ్ళలేదు, వెళ్ళే వీలూ లేదు. అందుకే నేను దాన్ని ఆరోపణగానే వదిలేస్తున్నాను. అందరూ చూస్తుండగా జరిగింది 1988 న్యాయవ్యవస్థ సంక్షోభం.

అంతకుముందు ఏడాది మహాథిర్ పార్టీ ఉమ్నో నిలువునా చీలింది. 1988 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ పార్టీనే చట్టవిరుద్ధమని ప్రకటించింది. అంతకుముందే, 1987 అక్టోబరులో ఆపరేషన్ లాలాంగ్ పేరుతో వందమందికి పైగా జనాన్ని విచారణ లేకుండా నిర్బంధించారు. ప్రధాని బహిరంగంగా జడ్జీలను తిడుతున్నాడు. అప్పుడు దేశ ప్రధాన న్యాయమూర్తి సల్లే అబ్బాస్, సహచర జడ్జీల తరఫున, ప్రధాని ధోరణి మీద బాధపడుతూ ఆగోంగ్‌కు ఉత్తరం రాశాడు. ఇతర సుల్తాన్లకు కూడా కాపీలు పంపాడు. మే నెలలో ఆయన్ని సస్పెండ్ చేశారు. ట్రిబ్యునల్ వేశారు. ఆయన స్థానంలోకి రాబోయే హమీద్ ఒమర్‌నే దానికి అధ్యక్షుణ్ణి చేశారు. ట్రిబ్యునల్‌ను ఆపమని ఉత్తర్వు ఇచ్చిన ఐదుగురు సుప్రీంకోర్టు జడ్జీలను కూడా సస్పెండ్ చేసి, వాళ్ళలో ఇద్దరిని ఇంటికి పంపారు. ఆగస్టులో సల్లే అబ్బాస్ పదవి పోయింది.

రాజుగారికే ఆ ఉత్తరం కోపం తెప్పించిందని, తొలగించమన్నది ఆయనేనని మహాథిర్ చెబుతూ వచ్చాడు. ప్రధానికే ఆ జడ్జి అడ్డుగా ఉన్నాడని మిగతా దేశం అనుకుంది. ఎవరి మాట నిజమైనా సంతకం ఇస్కందర్‌ది, లాభం మహాథిర్‌ది. 1983లో ఇస్కందర్ ఎక్కడ ఎమర్జెన్సీ పెడతాడో అని భయపడ్డ ప్రభుత్వానికి 1988లో ఆయన అవసరం పడింది. ఆయన గతం గురించి అప్పుడు మంత్రులెవరూ నోరెత్తలేదు. నేను చదివినంతలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ ఏడాదే. చంపిన కేసులో చట్టం ఓడిపోయిందంటే ఒక తండ్రి బలహీనత అనుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఒక రాజు, ఒక ప్రధాని కలిసి చట్టం చెప్పేవాళ్ళనే తీసేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2008లో, అప్పటి ప్రభుత్వం ఆ జడ్జీలకు డబ్బు రూపంలో పరిహారం ఇచ్చింది. క్షమాపణ అనే మాట మాత్రం పైకి అనలేదు.

మా ఆఫీసులో జొహోర్ నుంచి రోజూ వచ్చే ఒక మలయ్ సహోద్యోగి ఉన్నాడు. ఈ విషయాలు నేనెత్తితే నొచ్చుకుంటాడు. మా సుల్తాన్ మాలో ఒకడిలా తిరిగేవాడు, ఆఫీసర్లను నిలదీసేవాడు, పేదవాడి మాట వినేవాడు, మా నాన్నకు ఆయనంటే ప్రాణం అంటాడు. 2010 జనవరి 22న ఆయన పోయినప్పుడు జొహోర్ బహ్రూలో కన్నీళ్ళు పెట్టుకున్న జనం కిరాయి జనం కాదు. ఆ ప్రేమను నేను కొట్టిపారేయను. నిజాం గురించి మన ఇళ్ళలోనూ రెండు రకాల ముసలివాళ్ళుండేవాళ్ళు, ఇద్దరూ చూసిందే చెప్పారు. కానీ ఒక మనిషి వెయ్యిమందికి మంచి చేశాడన్నది, అతను కాల్చిన ఒక్కడి లెక్కను చెరిపేయదు. ఆ వెయ్యిమందికి ఆ ఒక్కడి తరఫున క్షమించే హక్కు లేదు.

రాజును ప్రశ్నించడం మలయ్ సంస్కృతికే విరుద్ధం అనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. ఇది నాకు చరిత్రకు అన్యాయం చేసినట్టు అనిపిస్తుంది. మలయ్ పురాగాథల్లో మొదటి రాజు శ్రీ త్రి బువానకు, ప్రజల తరఫున దెమాంగ్ లెబార్ దావున్‌కు మధ్య ఒక ఒడంబడిక ఉంది. ప్రజలు రాజద్రోహం చేయరు, నిజమే. బదులుగా రాజు ప్రజలను అవమానించకూడదు. రెండో సగాన్ని రాజభక్తులు సాధారణంగా చెప్పరు. జొహోర్ చరిత్రలోనే దానికి రక్తపు సాక్ష్యం ఉంది. 1699లో కోట తింగ్గిలో సుల్తాన్ మహమూద్‌ను, పల్లకీలో మసీదుకు వెళ్తుండగా, మెగత్ స్రీ రామ అనే సేనాని పొడిచి చంపాడు. నిండు గర్భిణి అయిన తన భార్య రాజుగారి పనసపండులో ఒక తొన తిన్నదని ఆ రాజు ఆమె కడుపు చీల్పించాడని కథ చెబుతుంది. మహమూద్‌కు వారసుల్లేరు. బెందహారా, అంటే ప్రధాన మంత్రి, వంశం గద్దెనెక్కింది. ఇస్కందర్ కుటుంబం తన వంశవృక్షాన్ని గుర్తించేది ఆ బెందహారా నుంచే. అంటే ఆ కుటుంబం ఈ రోజు రాజకుటుంబంగా ఉన్నదే ఒక క్రూరుడైన రాజుకు ఒకడు ఎదురు తిరిగాడు కాబట్టి.

1992లో ఎదురు తిరిగినవాడు కత్తి పట్టలేదు, పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాడు.

ఆ ఏడాది జూలైలో ఇస్కందర్ చిన్న కొడుకు ఒక హాకీ మ్యాచ్‌లో జొహోర్ ఓడిపోయాక పెరాక్ గోల్‌కీపర్‌ను కొట్టాడు. హాకీ సమాఖ్య అతన్ని ఐదేళ్ళు నిషేధించింది. ఆ తర్వాత ఒక జాతీయ పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చిన జొహోర్ బహ్రూ స్కూలు జట్టును చివరి నిమిషంలో విరమించుకోమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ జట్టు కోచ్ డగ్లస్ గోమెజ్ ఊరుకోలేదు. పిల్లల కష్టాన్ని వృథా చేశారని హాకీ పెద్దల మీద పత్రికలతో బాహాటంగా మాట్లాడాడు. నవంబర్ 30న ఆయన్ని బుకిత్ సెరీన్ రాజప్రాసాదానికి పిలిపించారు. అక్కడ సుల్తాన్ తనను కొట్టాడని గోమెజ్ డిసెంబర్ 6న పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ముఖం మీద, పొట్టలో దెబ్బలకు అప్పటికే వైద్యం చేయించుకున్నాడు.

ఆ ఆరు రోజుల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయనకు అన్నీ తెలుసు. 1977 తెలుసు, 1988 తెలుసు. రాష్ట్రం సుల్తాన్‌ది, పాలకుడి మీద కేసు వేసేందుకు చట్టం లేదు. ఉద్యోగం పోవచ్చు, అంతకన్నా ఎక్కువే జరగొచ్చు. ఫిర్యాదు వల్ల సుల్తాన్ జైలుకు వెళ్తాడన్న ఆశ కూడా పెట్టుకునే వీల్లేదు. అయినా వెళ్ళి రాయించాడు. అప్పటిదాకా ప్రతిసారీ పైవాళ్ళెవరో క్షమిస్తూ వచ్చారు. మొదటిసారి దెబ్బ తిన్నవాడే తన హక్కును వాడుకున్నాడు. క్షమించను అన్నాడు. మలేషియా రాజ్యాంగంలో 1993 సవరణ గురించి ఎవరు మాట్లాడినా మహాథిర్ పేరే చెబుతారు. నా దృష్టిలో ఆ సవరణ ఒక హాకీ కోచ్‌ది.

డిసెంబర్ 10న పార్లమెంటు ప్రత్యేకంగా సమావేశమై సుల్తాన్ ప్రవర్తనను ఖండించింది. పత్రికలు ఒక్కసారిగా పాలకుల పాత బాగోతాలన్నీ, వాళ్ళ ఖర్చులు, భవనాలు, అడవి కాంట్రాక్టులు బయటపెట్టాయి. ఐదేళ్ళ కింద ఇవే పత్రికలు ఎందుకు మౌనంగా ఉన్నాయంటే జవాబు తేలికే. అప్పుడు ప్రభుత్వానికి అవసరం లేదు, ఇప్పుడుంది. 1983లో చేయలేకపోయిన పనిని మహాథిర్ ఈ వేడిలో పూర్తి చేశాడు. 1993 మార్చిలో పాలకుల రక్షణ కవచం పోయింది, 1994లో సంతకం పెట్టకపోయినా 30 రోజుల్లో బిల్లు చట్టమయ్యే నిబంధన వచ్చింది. ఒక సుల్తాన్ దెబ్బలు ప్రధాని అధికారం పెరగడానికి పనికొచ్చాయన్న విమర్శలో అబద్ధం లేదు. అయినా నేను ఆ సవరణ మంచిదే అంటాను. తెచ్చినవాడి మనసులో ఏముందన్నది వేరు, రేపు దెబ్బ తినబోయే మనిషికి అది ఏమిస్తుందన్నది వేరు.

ఏమిచ్చిందో చూద్దాం. పాలకుల కేసుల కోసమే ఒక ప్రత్యేక న్యాయస్థానం వచ్చింది, ఐదుగురు జడ్జీలతో. అటార్నీ జనరల్ అనుమతి లేకుండా కేసు పెట్టడానికి మాత్రం వీల్లేదు. ఆ అనుమతి ఇచ్చేది ప్రభుత్వ మనిషే కాబట్టి ఇది పెద్ద లోటు. పార్లమెంటు సభ్యులు సభలో పాలకుల గురించి మాట్లాడినా నేరం కాదన్నారు, రాజరికమే వద్దనకుండా ఉంటే చాలు. ఇస్కందర్ మీద పాత సంఘటనలకు కేసు నడవలేదు, ఆయన 2010 దాకా సుల్తాన్‌గానే ఉన్నాడు. కానీ ఆ కోర్టు వట్టి బొమ్మగా మిగిలిపోలేదు. 2008లో ఒక బ్యాంకు వేసిన దావాలో నెగ్రి సెంబిలన్ రాష్ట్ర పాలకుడు పది లక్షల డాలర్లు కట్టాలని తీర్పు చెప్పింది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించే మార్పు గురించి తక్కువగా రాస్తారు. 1993 తర్వాత ఏ సుల్తాన్ కూడా తనకు తాను గానీ, తన భార్యకు, కొడుక్కి, కూతురికి గానీ క్షమాభిక్ష పెట్టలేడు. అలాంటి అర్జీ పాలకుల మండలి దగ్గరికి, పిల్లల విషయంలో అయితే ఆ మండలి నియమించిన మరో పాలకుడి దగ్గరికి వెళ్ళాలి. 1977లో ఇస్మాయిల్ చేసిన పనికి ఇప్పుడు దారి లేదు.

ఈ విషయంలో మనం పక్కవాళ్ళకు పాఠాలు చెప్పే స్థితిలో లేము. ఆంధ్రప్రదేశ్‌లో హత్య కేసులో శిక్ష పడ్డ ఒక కాంగ్రెస్ నాయకుడికి గవర్నరు శిక్ష తగ్గిస్తే, 2006లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అతను మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట అధికారుల రిపోర్టులోనే ఉంది. ఆ కేసు వేసింది ప్రభుత్వం కాదు, ప్రతిపక్షం కాదు. తండ్రిని పోగొట్టుకున్నవాళ్ళు. కులం, మతం, పార్టీ చూసి క్షమించడం చట్టపాలన కాదని ఆ తీర్పు చెప్పింది. మన దగ్గర కనీసం బాధితుడు వెళ్ళి తలుపు తట్టగలిగిన ఒక కోర్టు ఉంది.

మలేషియాలో క్షమాభిక్ష బోర్డు ముందు బాధితులకు ఇప్పటికీ కుర్చీ లేదు. 2024 జనవరి 29న ఆ బోర్డు మాజీ ప్రధాని నజీబ్ రజాక్‌కు అవినీతి కేసులో పడ్డ శిక్షను పన్నెండేళ్ళ నుంచి ఆరేళ్ళకు, జరిమానాను 21 కోట్ల రింగిట్ల నుంచి 5 కోట్లకు తగ్గించింది. పోయింది ప్రజల డబ్బు. బోర్డుకు అధ్యక్షత వహించిన పహాంగ్ సుల్తాన్‌కు ఆగోంగ్‌గా అవి ఆఖరి రోజులు. ఎందుకు తగ్గించారో కారణాలు చెప్పలేదు. చెప్పాలన్న నిబంధన కూడా లేదు. రెండు రోజుల తర్వాత ఇస్కందర్ కొడుకు ఇబ్రహీం కొత్త ఆగోంగ్‌గా ప్రమాణం చేశాడు. ఇప్పుడు ఆ బోర్డుకు అధ్యక్షుడు ఆయనే.